చల్లగాలికై సర్కారువారి పాట్లు

వేసవిలో పరిపాలన సాగించుట యెట్లను ప్రశ్న మొదట ఈస్టిండియా కంపెనీవారిని, వారి తరువాత రాణీగారి ప్రభుత్వమును తరతరములు వేధించెను. చైత్రము దాటినది మొదలు తొలకరి చినుకు పడువఱకు బెజవాడ, గుంటూరు వంటి పట్టణములలో ఎండ ఫారెన్‌హీటు మానమున 110 డిగ్రీలను దాటుట వింత గాదు. ఆ వేడిలో కోటు తొడిగి, మెడకు పట్టీ బిగించి, కచేరీలో కూర్చుండి జమాబందీ లెక్కలు చూడవలసిన దొరవారి అవస్థ జాలిపడదగినదో నవ్వదగినదో చదువరులే నిర్ణయింపవచ్చును. ప్రాతఃకాలమున పనులు చక్కబెట్టుకొని, మధ్యాహ్నము నీడపట్టున నడుము వాల్చి, ప్రొద్దు వాలిన పిదప మరల పనిలో దిగుట యను ఉపాయము ఈ దేశపు జనులకు అనాదిగా తెలిసినదే. వేసవి దినములలో కొన్ని జిల్లాలయందు ఉదయపు కచేరీలు నడచిన మాట నిజమే కాని, గడియారమును నమ్మిన ప్రభుత్వము మొత్తముమీద ఎండతో రాజీపడుటకు ఇష్టపడక, దానిని జయించుటకే యత్నించెను.

ఆ యత్నములలో మొదటిది వారు స్వయముగా కనిపెట్టినది గాదు. వట్టివేళ్ల తడికల ప్రసక్తి అక్బరు కాలపు అయినె అక్బరీలోనే కలదు. ద్వారములకును కిటికీలకును ఈ తడికలు కట్టి, భిస్తీ తోలుతిత్తితో ఎడతెగక నీరు చల్లుచుండగా, వెలుపలి వడగాలి వాటి గుండ దూసికొని వచ్చునప్పుడు నీరు ఆవిరియై గాలిలోని తాపమును హరించును. దానికి తోడు ఆ పరిమళము. అయితే ఈ సాధనము ఫలించుటకు గాలి పొడిగా నుండవలెను, బలముగా వీయవలెను. ఢిల్లీ, ఆగ్రాలలో ఈ రెండును సమృద్ధిగా దొరకును. మన ఉత్తర సర్కారులలోను జ్యేష్ఠమాసమున పడమటిగాలి వీచునంతసేపు తడికలు చక్కగా పనిచేసెడివి. సామర్లకోటలో చిరకాలముండి మన మొక్కలను శాస్త్రీయముగా వర్ణించిన రాక్స్‌బరో ఆ పడమటిగాలుల కారణములను విచారించుచు ఒక వ్యాసమే వ్రాసెను. కాని సాయంకాలమునకు సముద్రపు గాలి మళ్లినంతనే బందరులోను, చెన్నపట్టణములోను తడిక వట్టి తడిగడ్డి. గాలిలోనే తేమ నిండియుండగా ఇంక నీరు ఆవిరియగుటకు తావేది? గాలి స్తంభించిన దినములకై థర్మాంటిడోటు అను గంభీరమైన పేరుగల కొయ్యపెట్టె యొకటి వచ్చెను. లోపల తూర్పారబట్టు చక్రము వంటిది, ప్రక్కలకు తడిసిన వట్టివేళ్లు, త్రిప్పుటకు ఇద్దరు కూలీలు. పేరునందున్న మహిమ పెట్టెయందు లేదు.

పంకా కథ వేఱు. పదునెనిమిదవ శతాబ్దపు చివర కలకత్తాలో వ్యాపించిన ఈ సాధనము, నూఱేండ్లు దాటునంతవఱకు ప్రతి కచేరీకిని న్యాయస్థానమునకును అనివార్యమైన అంగమయ్యెను. పైకప్పునుండి వ్రేలాడు కొయ్యచట్రము, దానికి కుట్టిన గుడ్డ, అంచున కుచ్చులు, గోడలోని రంధ్రముగుండ వరండాలోనికి పోయిన త్రాడు, ఆ త్రాటి కొనయందొక మనుష్యుడు. ఆ మనుష్యుడు గదిలోనివారికి కనబడడు. వారికి తెలియునది గాలి మాత్రమే. అది ఆగినప్పుడే అతడున్నాడన్న సంగతి జ్ఞాపకము వచ్చును. బల్లలమీది కాగితములు ఎగిరిపోకుండ వాటిపై బరువులుంచుట అలవాటయ్యెను. చేతులు నొచ్చిన పంకాకూలి వెల్లకిల పరుండి త్రాటిని కాలి బొటనవ్రేలికి కట్టుకొని లాగుటను పాశ్చాత్య యాత్రికులు వినోదముగా వర్ణించిరి. వినోదము గాని సంగతులును గలవు: రాత్రివేళ నిద్ర తూగిన కూలీలను తెల్లసిపాయిలు బూటుకాలితో తన్నుటయు, వారిలో కొందఱు ప్రాణములు గోల్పోవుటయు, విచారణలో వైద్యుడు వచ్చి మృతుని ప్లీహము ముందే ఉబ్బియున్నదని చెప్పగా ముద్దాయి స్వల్పశిక్షతో బయటపడుటయు పందొమ్మిదవ శతాబ్దపు చివర పత్రికలకు పరిచితమైన వృత్తాంతములు. వైస్రాయి కర్జను ప్రభువు అంతటివాడు ఈ విషయమున తన సైన్యముతోనే కలహింపవలసి వచ్చెను.

సిపాయిల బారకాసులకు పంకాలేల వచ్చెనన్నచో, అది దయవలన గాదు, లెక్కవలన. హిందూదేశమునందలి సైన్యారోగ్యమును విచారించిన రాయల్ కమిషను 1863లో వెలువరించిన నివేదికలో, తెల్లసిపాయిలు ఏటేట వేయింటికి 69 మంది చొప్పున మరణించుచుండిరని తేల్చెను. ఇంగ్లండునుండి ఓడనెక్కించి తెచ్చిన సిపాయి కత్తి దెబ్బకు గాక కలరాకును జ్వరమునకును బలియగుట ఖజానాకు తీరని నష్టము. ఫ్లారెన్సు నైటింగేలు మొదలైనవారి పట్టుదలవలన ఎత్తైన పైకప్పులు, నాలుగు ప్రక్కల వరండాలు, గోడల పైభాగమున గాలిబెజ్జములు, మనిషికింత చోటను కొలతలు ఏర్పడెను. నేటికిని మన పాత తాలూకా కచేరీ భవనములలో కానవచ్చు ఉన్నతమైన పైకప్పులు ఆనాటి ఆలోచనకు జ్ఞాతులే.

గదిలోని గాలిని యంత్రముచేత చల్లబఱచవచ్చునను సంగతి ఆనాడు ఎవరికిని తోచలేదని తలంతురేమో! స్కాట్లండు దేశపు ఆస్థాన ఖగోళ శాస్త్రజ్ఞుడు చార్లెస్ పియాజీ స్మైత్ 1849–50 సంవత్సరములలోనే, ఉష్ణదేశములయందు గృహములను చల్లబఱచు విధానమును ప్రకటించెను. యౌవనమున పదేండ్లు కేప్ ఆఫ్ గుడ్‌హోపులోని నక్షత్రశాలయందు పనిచేసి యెండ రుచి చూచినవాడగుటచే, ఆయన ఊహ గాలిలో కట్టిన మేడ గాదు. గాలిని గట్టిగా ఒత్తినచో వేడెక్కును. ఆ వేడిని గొట్టములచుట్టు నీరు పాఱించి తీసివేసి, పిదప ఆ గాలిని వదలినచో అది వ్యాకోచించుచు మొదటికంటె చల్లనగును. దానిని గదిలోనికి పంపవలెను. నీరు చల్లనక్కఱ లేదు గనుక బందరు తేమగాలియైనను, ఆగ్రా పొడిగాలియైనను దీనికొక్కటే. ఈ ప్రతిపాదనమును రాంకిన్, విలియం థామ్సన్ వంటి మహాశాస్త్రవేత్తలు తేలికగా త్రోసివేయలేదు. తరువాత కెల్విన్ ప్రభువుగా ప్రసిద్ధికెక్కిన థామ్సన్ 1852లో దానికి లెక్కలు కట్టి, ఇదే ఉపాయమును తలక్రిందులు చేసినచో చలిదేశములలో ఇండ్లను వెచ్చబఱచవచ్చునని గూడ చూపెను. అదే కాలమున అమెరికాలోని ఫ్లారిడాయందు జాన్ గోరీ యను వైద్యుడు జ్వరరోగుల గదులు చల్లబఱచుటకై శ్రమించి, మంచు చేయు యంత్రమునకు 1851లో పేటెంటు పొందెను. గోరీ నాలుగేండ్లకే నిరాశతో మరణించెను. స్మైత్ మహాశయుడో, ఈజిప్టు పిరమిడు కొలతలలో దైవరహస్యములు వెదకుచు తన శేషజీవితమును, సగము కీర్తిని గూడ అచ్చట పోగొట్టుకొనెను.

ఆ యంత్రము మన దేశపు ఏ కచేరీలోను వెలయలేదు. కారణము వెదకుటకు మహాశాస్త్రమక్కఱలేదు. యంత్రమునకు ఆవిరి కావలెను, బొగ్గు కావలెను, చెడినచో బాగుచేయు పనివాడును, ఆఱునెలల ప్రయాణము చేసి వచ్చు విడిభాగములును కావలెను. పంకాకు నెలకు కొలది రూపాయలు పుచ్చుకొను మనుష్యుడు చాలును, వాడు చెడినచో వరండా మెట్లమీద మఱియొకడు సిద్ధముగా నుండును. విజ్ఞానము లేక గాదు, మనిషి రెక్క అంత చౌకగా దొరకుటవలననే యంత్రము డెబ్బది యెనుబది యేండ్లు ఆలస్యమయ్యెనని నా యభిప్రాయము. కొనదగిన చల్లదనమైనచో ఆ ప్రభుత్వమే ఎంత ఉత్సాహము చూపెనో మంచుగడ్డల వ్యాపారము సాక్ష్యమిచ్చును: 1833లో బోస్టనునుండి ఫ్రెడరిక్ ట్యూడర్ పంపిన ఓడ నూఱు టన్నుల మంచుతో కలకత్తా చేరగా, సుంకము రద్దయ్యెను, రాత్రివేళ దింపుకొనుటకు అనుజ్ఞ లభించెను, గవర్నరు జనరలు బెంటింకు ప్రభువు వర్తకుని ప్రతినిధికి పాత్రను బహూకరించెను. చెన్నపట్టణపు సముద్రతీరమున నేడు వివేకానందుని పేర వెలుగు భవనము 1842లో ఆ మంచు నిలువకై కట్టినదే. ఆ మంచు దొరల పానీయములలో కరగినదే గాని కచేరీ గదులలోనికి రాలేదు.

గది చల్లబడకున్నచో గదినే చల్లనిచోటికి కొనిపోవుట మఱియొక మార్గము. 1864లో గవర్నరు జనరలు జాన్ లారెన్సు సిమ్లాను వేసవి రాజధానిగా స్థిరపఱచెను. కలకత్తాలో అయిదు దినములలో చేయు పని అచ్చట ఒక దినమున చేయగలనని ఆయన వాదము. రమారమి పండ్రెండు వందల మైళ్ల దూరము, దస్త్రములు, గుమాస్తాలు, నౌకరులు, పెట్టెలు, కుర్చీలు, అన్నియు ఏటేట ఎక్కుటయు దిగుటయు! బొంబాయివారు మహాబలేశ్వరమునకు, వంగదేశమువారు డార్జిలింగునకు, మన చెన్నపురి ప్రభుత్వము ఉదకమండలమునకు పయనమగుట పరిపాటియయ్యెను. ప్రజల సొమ్ముతో కొండలమీద కాలక్షేపమని స్వదేశీయులు ఎంత ఆక్షేపించినను ఆ యాత్ర ఆగలేదు. పైపెచ్చు వేసవి ముగిసినను కొండ దిగుటకు మనసొప్పక కార్తీకము వఱకు నిలిచినవారును గలరు. హెన్రీ ఇర్విన్ అను వాస్తుశిల్పియే సిమ్లాలోని వైస్రాయి భవనమును 1888లో నిర్మించి, దానికి ఆనాడే విద్యుద్దీపములు అమర్చి, 1892లో తెఱచిన మద్రాసు హైకోర్టు భవనమును పూర్తిచేసెను. ఒకదానిలో నెగళ్లు, ఇంకొకదానిలో పంకాలు.

1899లో కలకత్తాకు విద్యుచ్ఛక్తి వచ్చుటతో పంకాకు తొలిదెబ్బ తగిలెను. చెన్నపట్టణమున మఱి పదేండ్లకు విద్యుత్తు వచ్చి విసనకఱ్ఱలు తిరుగ మొదలిడినను, మన జిల్లా మునసబు కోర్టులలో పంకాత్రాడు ఇంకను చాలకాలము ఆడుచునే యుండెను. అమెరికాలో విల్లిస్ కారియర్ 1902లో నేటి ఎయిర్‌ కండిషనింగు పద్ధతిని నిర్మించినది మనుష్యులకొఱకు గాదు. బ్రూక్లిన్ నగరపు ముద్రణాలయమొకదానిలో తేమకు కాగితము పెరుగుచు తఱుగుచు నుండగా రంగులు కుదురక, కాగితమును కాపాడుటకై. మనుష్యుల వంతు తరువాత వచ్చెను, అందును మొదట వినోదమునకు: బొంబాయిలో 1933లో తెఱచిన రీగల్ సినిమాశాలయందు ప్రేక్షకుడు చల్లగాలిలో కూర్చుండుచుండగా, ప్రభుత్వపు గుమాస్తా చెమటయోడ్చుచునే యుండెను. 1934లో ఫ్రాంటియరు మెయిలు రైలులో మొదటి తరగతివారికై పెట్టెక్రింద మంచుదిమ్మెలు పేర్చి, వాటిమీదుగా గాలిని లోపలికి పంపిరి. దిమ్మెలు కరగగా నిర్ణీత స్టేషనులలో క్రొత్తవి నింపుచుండిరి. 1931లో ప్రారంభమైన క్రొత్త ఢిల్లీ కూడ వెడల్పైన చూరులను, దళమైన గోడలనే నమ్ముకొనెను. వేసవియైనచో సిమ్లా ఉన్నదే గదా!

రాజధానిలో యంత్రశీతలత్వము వ్యాపించుటకు వలసప్రభుత్వమే అంతరింపవలసి వచ్చెను. సింగపూరులో లీ క్వాన్ యూ తాను ప్రధాని కాగానే మొట్టమొదట చేసిన పనులలో ప్రభుత్వోద్యోగులు పనిచేయు భవనములకు ఎయిర్‌ కండిషనర్లు పెట్టించుట యొకటి యని చెప్పుకొనెను. గుమాస్తా చల్లగా నున్నచో దేశము పని చక్కగా జరుగునని ఆయన లెక్క. మన ఢిల్లీ సచివాలయములో మాత్రము చల్లగాలికి చాలకాలము హోదా అర్హతగా నిలిచెను: జాయింటు సెక్రటరీ మొదలు పైవారి గదులకు యంత్రము, క్రిందివారికి పైకప్పు విసనకఱ్ఱ.