సూరతు తోటలో ఆఫ్రికా చేమంతి

తాపీ నదీతీరమందలి సూరతు పేరు వినగానే జరీ, పట్టు, వజ్రముల వర్తకము జ్ఞప్తికి వచ్చుట సహజము. ఆ నగరమునకు మొక్కల చరిత్రతో గల సంబంధము అంతగా ప్రసిద్ధము కాదు. అయినను కతార్‌గాము చెంత డచ్చివారి శ్మశానములోని పెద్ద గుమ్మటము అందుకు సాక్ష్యముగా నిలిచియున్నది. 1691 డిసెంబరులో సముద్రయానమున మరణించిన హెండ్రిక్ వాన్ రీడ్ అను డచ్చి అధికారి సమాధి అది. మలబారు మొక్కలను వర్ణించు ‘హోర్టస్ మలబారికస్’ను కూర్పించినవాడు ఇతడే. ఆ గ్రంథము పన్నెండు సంపుటములుగా 1678 నుండి 1693 వరకు ఆమ్‌స్టర్‌డాములో వెలువడినది. గుమ్మటము అధికారిని మాత్రమే స్మరించును. మొక్కల గుణములు తెలిపిన కొల్లాట్ వంశపు వైద్యుడు అచ్యుతన్, రంగభట్టు, వినాయక పండితుడు, అప్పుభట్టుల పేర్లను గ్రంథము నిలిపినది.

వాన్ రీడ్ 1685లో భారతదేశమునకు వచ్చుచు దారిలో గుడ్‌హోప్ అగ్రమున ఆగినాడు. అచ్చట 1652లో నావికులకు కూరగాయలు సమకూర్చుటకై డచ్చివారు వేసిన తోట క్రమముగా అపూర్వములైన మొక్కలకు నిలయమైనది. ఆ సంవత్సరమే అచ్చటి అధిపతి సైమన్ వాన్ డెర్ స్టెల్ రాగిగనులను వెదకుచు ఉత్తరమున నమాక్వా దేశమునకు పోయినాడు. చలికాలపు వానలు కురిసిన పిమ్మట ఆ ఎండునేలను నారింజరంగు డెయిజీలు కప్పివేయును. మన తోటలలో ఆఫ్రికా చేమంతులనబడు పూవులలో ఇదియొకటి. ఆనాడు ఐరోపా నుండి సూరతుకు వచ్చు ఓడలన్నియు ఆ అగ్రమును చుట్టియే వచ్చెడివి. అయినను ఓడ వెంటనే పూవు వచ్చినదని చెప్పరాదు. ఈ జాతులు ముందు ఐరోపా తోటలలో పేరుపొందినవి. బార్బర్టన్ ప్రాంతపు జెర్బెరా శాస్త్రజ్ఞుల దృష్టికి వచ్చినది 1880 తరువాతనే. 1889లో దానిని వర్ణించినారు. నేడు గుజరాత్‌లో దానిని పైకప్పు గల సాగుగృహములలో కోతపూవుగా పెంచుచున్నారు.

ఈ రెండింటి జన్మభూములు వేరగుటచే పోషణయు వేరు. నమాక్వా డెయిజీకి వాన చలికాలమున, ఎండ వేసవిలో. సూరతులో అది తారుమారు. ఆకాశము జూన్ నుండి సెప్టెంబరు వరకు వర్షించును, చలికాలము పొడిగా గడచును. కావున వర్షములు వెనుకబట్టిన పిదప అక్టోబరు, నవంబరు మాసములలో విత్తి, వాన చేయవలసిన పనిని తోటమాలి మితమైన నీటితో చేయవలెను. పూవు ఎండలో విచ్చి, సాయంకాలమునను మబ్బునను ముడుచుకొనును. నీడలో నాటినచో శ్రమ వ్యర్థము. ఒకే పూవు రెండు ఆకారముల గింజలనిచ్చును. విత్తనము దాచువారు రెండింటిని దాచవలెను.

జెర్బెరా వేసవివానలెరిగిన మొక్క, కాని నిలువనీటిని సహింపదు. సూరతు నల్లరేగడి తడిని పట్టియుంచును. అందుచే ఇసుక, పశువుల ఎరువు కలిపి మడి ఎత్తుచేసి, మొక్క మొదలు మట్టిపైన ఉండునట్లు నాటవలెను. మొదలు పూడినచో ఒక్క వర్షకాలములోనే కుళ్లిపోవును.

వాన్ రీడ్ కాలమున మలబారు వైద్యులకు మొక్కతోపాటు దాని నేల, ఋతువు తెలిసియుండెను. పూవులు సముద్రములు దాటినను ఆ జ్ఞానము వాటి వెంట రాలేదు. సూరతులో దానిని ప్రతి తోటమాలియు వానను, మట్టిని గమనించి మరల సంపాదించుకొనవలసినదే.