పతాక శీర్షికలు నిజమై ఉంటే

1903 అక్టోబరు 9న న్యూయార్క్ టైమ్స్ పత్రిక ఒక లెక్క తేల్చింది. అంతకు రెండు రోజుల ముందే ప్రొఫెసర్ లాంగ్లీ గారి విమానం పోటోమాక్ నదిలో పడి మునిగింది. అది చూసి, మనిషిని మోసుకెళ్లే ఎగిరే యంత్రం కావాలంటే గణితజ్ఞులూ మెకానిక్కులూ కలిసి ఆపకుండా పనిచేసినా పది లక్షల నుంచి కోటి సంవత్సరాలు పట్టొచ్చని సంపాదకీయం రాశారు. సరిగ్గా 69 రోజులకు, డిసెంబరు 17న, రైట్ సోదరులు కిటీహాక్ ఇసుక తిన్నెల మీద 12 సెకన్ల పాటు 120 అడుగుల దూరం ఎగిరారు. కోటి ఏళ్లకూ 69 రోజులకూ ఉన్నంత తేడా మా ఇంజనీర్లు వేసే ఎస్టిమేట్లలో కూడా రాదు.

ఆ లెక్కే నిజమై ఉంటే? మన బ్యాచ్‌లో అమెరికా చేరినవాళ్లలో సగం మంది అసలు బయల్దేరేవాళ్లే కాదు. వెళ్లినవాళ్లు ఈ స్వర్ణోత్సవానికి రావాలంటే ఎప్పుడో ఓడెక్కి, దారి పొడుగునా వాంతులు చేసుకుని, సభ అయిపోయి షామియానాలు విప్పుతుండగా వచ్చేవాళ్లు. చిలుకూరు బాలాజీ గుడిలో 108 ప్రదక్షిణలు వీసా కోసం కాక సముద్రం శాంతించడం కోసం చేసేవాళ్లం. అమీర్‌పేటలో జావా బదులు ఈత నేర్పేవారు. పదిహేను రోజుల సెలవు మీద వచ్చి పెళ్లి చేసుకుని పోయే పెళ్లికొడుకులు ఉండేవారు కాదు, ఆ సెలవు సూయజ్ కాలువ దగ్గరికి వచ్చేసరికే అయిపోయేది. ఆవకాయ జాడీలు మాత్రం హాయిగా ప్రయాణించేవి. ఓడలో 23 కిలోల పేచీ ఉండదు కదా!

అదే పత్రిక 1920 జనవరి 13న రాకెట్ల మీద పడింది. శూన్యంలో నెట్టుకోవడానికి గాలి ఉండదు, అక్కడ రాకెట్ ఎలా పనిచేస్తుంది, గొడార్డ్ గారికి హైస్కూల్లో రోజూ చెప్పే పాఠమైనా తెలిసినట్టు లేదు అని వెక్కిరించింది. సవరణ వేసింది 1969 జులై 17న, అపోలో 11 చంద్రుడి దారి పట్టాక. అప్పటికి గొడార్డ్ పోయి 24 ఏళ్లు. మన సైన్సు మాస్టారు బెలూను ఊది వదిలేసి చర్య, ప్రతిచర్య చెప్పిన రోజు ఆ సంపాదకుణ్ణి తెచ్చి వెనక బెంచీలో కూర్చోబెడితే సరిపోయేది. రాకెట్ గాలిని నెట్టదు, తన పొగను వెనక్కి నెడుతుంది, ఆ పొగ దాన్ని ముందుకు నెడుతుంది. పత్రిక మాటే నిజమైతే శ్రీహరికోటలో ఇవాళ సరుగుడు తోటలే ఉండేవి. ఇస్రో వాళ్లు సంక్రాంతి గాలిపటాల మీద పరిశోధన చేసుకునేవారు. వాటికి గాలి దొరుకుతుంది.

ఇవన్నీ నా ఊహలు. 1979లో మాత్రం మనవాళ్లు ఊహతో సరిపెట్టుకోలేదు.

స్కైలాబ్ అమెరికా 1973 మేలో పైకి పంపిన అంతరిక్ష కేంద్రం. బరువు దాదాపు 77 టన్నులు. 1974 ఫిబ్రవరి తరువాత అందులో మనుషులు లేరు. స్పేస్ షటిల్ తయారైతే దాన్ని మళ్లీ పైకి నెడదామనుకున్నారు. ఈలోగా సూర్యుడి తాపం పెరిగి, పై వాతావరణం ఉబ్బి, దాని రాపిడికి స్కైలాబ్ అనుకున్నదానికంటే ముందే దిగడం మొదలుపెట్టింది. షటిల్ మొదటిసారి ఎగిరింది 1981లో. అప్పటికి ఎక్కించడానికి ఏమీ మిగల్లేదు.

శకలం తగిలి మనిషికి గాయమయ్యే అవకాశం 152లో ఒకటి అని నాసా అంచనా వేసింది. వినడానికి భయంగానే ఉంటుంది. అయితే అది భూమ్మీద ఉన్న అందరిలో ఎవరో ఒకరికి తగిలే అవకాశం. అప్పటి జనాభా 400 కోట్ల పైచిలుకు. ఫలానా ఊళ్లో ఫలానా ఎల్లయ్యకు తగిలే అవకాశం తెలియాలంటే 152ని ఆ 400 కోట్లతో గుణించాలి. దాదాపు 60 వేల కోట్లలో ఒకటి. ఈ రెండో అంకె శీర్షికలో ఇమడదు. ఇమిడినా మన బళ్లో ప్రార్థన తరువాత మూడు శీర్షికలు, ఒక సూక్తి చదివి దిగిపోయినట్టే ఊళ్లోనూ శీర్షిక ఒక్కటే తిరుగుతుంది. కింద రాసింది ఎవరూ చదివి వినిపించరు.

మా వృత్తిలోనూ ఈ తంటా ఉంది. వరద లెక్కల్లో 'నూరేళ్ల వరద' అంటే ఏ ఏడాదైనా వచ్చే అవకాశం నూటికి ఒకటి అని అర్థం. అది పేపర్లో పడితే జనం ఒకసారి వచ్చింది కాబట్టి ఇక మా మనవళ్ల కాలం దాకా రాదు అనుకుంటారు. ఏటి ఒడ్డున మళ్లీ గోడలు లేస్తాయి. 2009 అక్టోబరులో కర్నూలు మునిగాక ఈ మాట ఎంతమందికి చెప్పానో! ఒకరో ఇద్దరో విన్నారు.

స్కైలాబ్ దగ్గరికి వస్తే, ఆ జులై గురించి మన పల్లెల్లో పెద్దలు చెప్పుకునే మాటలు దాదాపు ఒక్కటే. ఎలాగూ పోతాం, ఇవి ఎవరి కోసం అని కోళ్లు, మేకలు కోసుకు తిన్నారు. దాచుకున్న డబ్బు తీసి ఖర్చు పెట్టారు. దీని మీద 2021లో తెలుగులో సినిమా కూడా వచ్చింది, హాల్లో అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. కానీ పల్లెలో మేకంటే బ్యాంకు పాసుపుస్తకం. పిల్లాడి ఫీజు, కూతురి పురుడు, విత్తనాల ఖర్చు అన్నీ దాని మీదే. జులై 11, బుధవారం రాత్రి మనకు 10 దాటాక స్కైలాబ్ హిందూ మహాసముద్రంలోనూ, పశ్చిమ ఆస్ట్రేలియా దక్షిణ తీరంలో ఎస్పరెన్స్ ఊరి చుట్టుపక్కలా పడింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. తెల్లవారి మనవాళ్లు లేచి చూసుకుంటే అందరూ ఉన్నారు, కొట్టంలో మేక లేదు.

నిజంగానే మన మండలంలో పడి ఉంటే? ముందు వీఆర్వో వచ్చి పంచనామా రాసేవాడు. ముక్క గట్టుకు ఇటు పడిందా అటు పడిందా అని అన్నదమ్ములు కోర్టుకెక్కేవారు. పాత ఇనుప సామాన్ల వాడు త్రాసుతో దిగేవాడు. ఇవి కొంటెగా అంటున్నా, ఎస్పరెన్స్ వాళ్లు నిజంగా చేసింది కూడా తక్కువేం కాదు. రోడ్డు మీద చెత్త వేశారని అక్కడి స్థానిక సంస్థ నాసాకి 400 డాలర్ల జరిమానా రాసింది! నాసా కట్టలేదు. 2009లో కాలిఫోర్నియా రేడియో వ్యాఖ్యాత ఒకరు శ్రోతల దగ్గర చందాలు పోగుచేసి కట్టారు. శాన్ ఫ్రాన్సిస్కో ఎగ్జామినర్ పత్రికేమో మొదటి ముక్కను 72 గంటల్లో తమ ఆఫీసుకు తెచ్చినవాళ్లకు 10 వేల డాలర్లు ఇస్తామంది. ఎస్పరెన్స్ కుర్రాడొకడు, 17 ఏళ్లవాడు, తీసుకెళ్లి అందుకున్నాడు. అప్పటి మన డబ్బుల్లో సుమారు 80 వేల రూపాయలు. మన ఊళ్లో దొరికుంటే ఆ 72 గంటలూ పాస్‌పోర్టు దరఖాస్తు మీద గెజిటెడ్ సంతకం కోసం తిరగడానికే చాలేవి కావు.

అప్పుడు నేను నాలుగో తరగతి. నాకు తెలిసింది విన్నదే ఎక్కువ. ఆ ఏడు హైస్కూల్లో ఉన్న సీనియర్లు, అప్పటి మాస్టార్లు ఈ సంచిక చదువుతారు కనుక ఒక మనవి. ఆ బుధవారం రాత్రి మీ వీధిలో ఎవరేం చేశారో, ఎవరింట్లో ఏం కోశారో, ఆ తరువాత ఆ ఇల్లు ఎలా గట్టెక్కిందో స్వర్ణోత్సవం నాడు భోజనాల దగ్గర నాకు చెప్పండి. నోటుబుక్కు తెస్తాను.