ఇరవై డెసిబెల్స్ కథ

నెట్ నెమ్మదిస్తే రౌటర్ని తిట్టడం, కుదరకపోతే ప్రొవైడర్ని తిట్టడం మనకి అలవాటే. ఆ దారిలో ఎక్కడో ఒక గాజు తీగ ఉందనీ, ఎవరో ఒకాయన రెండు చిన్న డబ్బాలతో దాన్ని పరీక్షించి సంతకం పెట్టాడనీ మనకి తట్టదు. ఒక డబ్బా పేరు లైట్ సోర్స్. అది ఒక చివర నుంచి నిలకడైన వెలుగు పంపుతుంది. రెండోది పవర్ మీటర్. అవతలి చివర ఎంత చేరిందో చెప్తుంది. రెండిటి మధ్య తేడానే ఆ తీగ మింగేసిన వెలుగు. అంతే! ఈ "తేడా చూడటం" అనే ఆలోచన లేకపోతే ఫైబర్ ల్యాబ్ దాటి బయటికొచ్చేది కాదేమో అని నా అభిప్రాయం. ఎందుకో చెప్తాను.

ముందు డెసిబెల్ సంగతి. ఒకప్పుడు అమెరికాలో టెలిఫోన్ ఇంజనీర్లు తీగలో మాట ఎంత బలహీనపడిందో "స్టాండర్డ్ కేబుల్ మైళ్ళ"లో చెప్పేవారు. అంటే ఈ నష్టం ఇన్ని మైళ్ళ మామూలు కేబుల్‌తో సమానం అని. 1920ల్లో బెల్ ఇంజనీర్లు దాని బదులు లాగరిథమ్ కొలత తెచ్చి, గ్రాహంబెల్ పేరు కలిపి డెసిబెల్ అన్నారు. 10 డెసిబెల్స్ పోతే పదో వంతు మిగులుతుంది, 20 పోతే వందో వంతు, 30 పోతే వెయ్యో వంతు. గుర్తుంచుకోవాల్సింది ఒకటే: డెసిబెల్ ఎప్పుడూ దేనితోనో పోల్చి చెప్పే అంకె. మీటర్ మీద కనిపించే డీబీఎం కూడా 1 మిల్లీవాట్‌తో పోలికే.

ఇప్పుడు 1966కి వెళ్దాం. ఇంగ్లండ్‌లో హార్లో అనే ఊళ్ళో స్టాండర్డ్ టెలికమ్యూనికేషన్ లేబొరేటరీస్. అక్కడ పనిచేసే చార్లెస్ కావ్, జార్జ్ హాకమ్ కలిసి ఒక పేపర్ వేశారు. గాజు పోగులో వెలుగు పంపి ఫోన్లు మాట్లాడుకోవచ్చు, నష్టం కిలోమీటరుకు 20 డెసిబెల్స్ లోపుంటే చాలు అని. అప్పటి మంచి గాజులో నష్టం కిలోమీటరుకు దాదాపు 1000 డెసిబెల్స్! అంటే 20 మీటర్లు వెళ్ళేసరికే వెలుగులో వందో వంతు మిగిలేది. గాజు లక్షణమే అంత అని చాలామంది పెదవి విరిచారు. కావ్ మాత్రం తప్పు గాజుది కాదు, అందులో ఉన్న ఇనుములాంటి మలినాలది అన్నాడు.

అనడం తేలికే. నిరూపించాలంటే కొలవాలి కదా? చిక్కంతా అక్కడే వచ్చింది. కిలోమీటరుకు 5 డెసిబెల్స్ నష్టమున్న శుద్ధమైన గాజు మీ చేతిలో ఉందనుకోండి. దాన్నుంచి 20 సెంటీమీటర్ల ముక్క తీస్తే అందులో నష్టం 0.001 డెసిబెల్. పదివేల వంతుల వెలుగులో రెండు వంతులు. కానీ ఆ ముక్క రెండు ముఖాల మీద ప్రతిఫలించి వెనక్కిపోయేదే దాదాపు 7 శాతం. కొలవాల్సిన దానికంటే అడ్డొచ్చేది కొన్ని వందల రెట్లు పెద్దదన్నమాట. ఒక్క ముక్క కొలిస్తే ఏమీ తేలదు.

అందుకని ఒకే గాజుతో వేర్వేరు పొడవుల ముక్కలు తీసుకుని పోల్చారు. ముఖాలు రెండిటికీ ఒకేలా ఉంటే అక్కడి నష్టం కూడికా తీసివేతా అయిపోయి ఎగిరిపోతుంది. మిగిలేది అదనపు పొడవు మింగిన వెలుగు. చెప్పడానికి రెండు ముక్కలే గానీ, ఆ ముఖాల్ని ఒకేలా మెరుగుపెట్టి శుభ్రంగా ఉంచడానికే ప్రాణం పోయి ఉంటుంది. 1969కల్లా కావ్, జోన్స్ కలిసి ఫ్యూజ్డ్ సిలికాలో నష్టం కిలోమీటరుకు సుమారు 5 డెసిబెల్సే అని చూపించారు. అప్పటికి పనికొచ్చే ఫైబర్ ఒక్క మీటరు కూడా లేదు. అయినా "ఇది సాధ్యం" అని చెప్పే అంకె వచ్చేసింది.

అమెరికాలో కార్నింగ్ కంపెనీలో మౌరర్, కెక్, షుల్జ్ అనే ముగ్గురు అదే సిలికా పట్టుకున్నారు. 1970 ఆగస్టులో ఒక శుక్రవారం సాయంత్రం కెక్ కొత్త ఫైబర్ కొలిస్తే కిలోమీటరుకు 17 డెసిబెల్స్ వచ్చింది. ఇరవై గీత దాటేశారు! 1972కి 4, 1979లో జపాన్ ఎన్‌టీటీ వాళ్ళ చేతిలో 1550 నానోమీటర్ల వెలుగు దగ్గర 0.2. లెక్క సరదాగా ఉంటుంది చూడండి. వెలుగులో వందో వంతు మిగలాలంటే పాత గాజులో 20 మీటర్లే. కావ్ అడిగిన గాజులో 1 కిలోమీటరు. ఎన్‌టీటీ ఫైబర్‌లో 100 కిలోమీటర్లు. కావ్‌కి నోబెల్ 2009లో వచ్చింది. అప్పటికే ఆయనకి అల్జీమర్స్. నోబెల్ ఉపన్యాసం ఆయన భార్య గ్వెన్ ఇచ్చారు.

ఫైబర్ నష్టం కొలిచే పద్ధతి కూడా తీసివేతే. పొడుగు ఫైబర్ చివర వెలుగు కొలుస్తారు. సోర్స్ వైపు కదిలించకుండా మొదట్లో రెండు మీటర్లు వదిలి కోసేసి, మళ్ళీ కొలుస్తారు. కట్‌బ్యాక్ అంటారు దీన్ని. ల్యాబ్‌లో బాగానే ఉంటుంది గానీ, రోడ్డు కింద వేసిన కేబుల్ని కొయ్యలేం కదా! కాబట్టి ఫీల్డ్‌లో కొయ్యకుండా అదే పని చేస్తారు. ముందు లైట్ సోర్స్‌కి ఒక మంచి ప్యాచ్ కార్డ్ తగిలించి, దాని రెండో చివర నేరుగా మీటర్‌కి పెట్టి ఆ రీడింగ్‌ని సున్నాగా సెట్ చేస్తారు. ఇదే రిఫరెన్స్. తర్వాత సోర్స్ వైపు ముట్టుకోకుండా మీటర్ వైపు మాత్రమే విప్పి, మధ్యలో అసలు కేబుల్, అవతల ఇంకో కార్డ్ కలిపి చూస్తారు. వచ్చిన అంకెని బడ్జెట్‌తో పోలుస్తారు. ఉదాహరణకి 10 కిలోమీటర్ల సింగిల్ మోడ్ ఫైబర్, కిలోమీటరుకు 0.4 చొప్పున 4; రెండు కనెక్టర్లు 0.75 చొప్పున 1.5, రెండు స్ప్లైసులు 0.3 చొప్పున 0.6. మొత్తం 6.1 డెసిబెల్స్. అంతకంటే ఎక్కువొస్తే ఎక్కడో తేడా ఉన్నట్టే. (కంటికి కనపడని వెలుగు కదా అని ఫైబర్ చివర కన్ను పెట్టి చూడకండి, కళ్ళు పోతాయి.)

ఇక్కడ మోసపోయే చోటు రెండో రీడింగ్ కాదు, మొదటిదే. రిఫరెన్స్ పెట్టేటప్పుడు కనెక్టర్ మీద దుమ్ముండి, తర్వాత ఎవరో తుడిచారనుకోండి. నష్టం తక్కువగా కనిపిస్తుంది. చిన్న కేబుల్ అయితే నష్టం మైనస్‌లో కూడా రావచ్చు. అంటే గాజు తీగ వెలుగుని పుట్టిస్తోందన్నమాట! పాసైందని సంబరపడి సంతకం పెట్టేస్తే, బాధ ఆర్నెల్ల తర్వాత వేరే వాడిది. ఓటీడీఆర్ ఉందిగా అంటారా? అది ఒకే చివర నుంచి, వెనక్కి చెదిరొచ్చే వెలుగుని బట్టి గ్రాఫ్ గీస్తుంది. ఎక్కడ తెగిందో చెప్పడానికి దానికి సాటి లేదు. కానీ రెండు రకాల ఫైబర్లు కలిసిన చోట అది కూడా లేని లాభం చూపించగలదు. అందుకే రెండు వైపుల నుంచీ కొలిచి సగటు తీస్తారు. మళ్ళీ రెండు రీడింగులే.

ఇదంతా మనకెందుకంటే, మన సాఫ్ట్‌వేర్ వాళ్ళం ఒక్క రీడింగ్‌తో బతికేస్తున్నాం. "రిలీజ్ తర్వాత రెస్పాన్స్ టైమ్ ఇంత" అని స్లైడ్ వేస్తాం. ముందు ఎంత? అదే మెషినా, అదే డేటానా, అదే లోడా? అడిగినవాడు నెగెటివ్ మనిషి అయిపోతాడు. గాజు ముక్కలో పదివేల వంతుల్లో రెండు వంతుల కోసం అన్ని తంటాలు పడ్డవాళ్ళ దయవల్లే ఆ స్లైడ్ మెయిల్లో అవతలివాళ్ళకి చేరుతోంది. ఈసారి ఎవరైనా అంకె చెప్తే, మంచిదే, సున్నా ఎక్కడ పెట్టారు బాబూ అని అడగండి. ఏమంటారు?