పాటకు చోటు

మౌలాలి గుట్ట మీది దర్గా తెలియనివాళ్లు హైదరాబాద్ తూర్పు వైపు నాచారంలో ఉండరు. గుట్ట పాదాన, గోడల మధ్య తోటలో ఉన్న సమాధి సంగతి మాత్రం పక్క కాలనీల వాళ్లలోనే చాలామందికి తెలియదు. అది మహలఖా బాయి చందా సమాధి. 1768లో పుట్టి 1824లో కన్నుమూసిన ఆమె ఉర్దూలో గజళ్లు రాశారు, పాడారు, నాట్యం చేశారు. నిజాం దర్బారులో అమీర్లతో సమానంగా గౌరవం అందుకున్నారు. ఖుష్‌హాల్ ఖాన్ దగ్గర సంగీతం నేర్చుకుని, తాను ఎందరో ఆడపిల్లలకు ఆటపాటలు నేర్పించారు. తల్లి రాజ్ కున్వర్ బాయి కోసం 1792లో కట్టించిన ఈ తోటలోనే చివరికి తానూ తల్లి పక్కన చేరారు. ఆమె గజళ్ల సంపుటి ‘గుల్జారె మహలఖా’ ఆమె పోయిన ఏడాదే వెలుగు చూసింది. 2010 తర్వాత అమెరికా ప్రభుత్వ నిధులతో ఆ కట్టడాలను బాగుచేశారు. ఉప్పల్, నాచారం వైపు సంగీత చరిత్ర రాయాలంటే ఈ తోట దగ్గరే మొదలుపెట్టాలని నా అభిప్రాయం.

ఆ కాలంలో రాగం, తాళం నేర్చుకోవడానికి ఉస్తాదు కావాలి, ఉస్తాదును పోషించే ధనం కావాలి. వినడానికి పిలుపు కావాలి. ఆ గుట్టకు కాస్త దూరంలో ఉన్న పల్లెల్లో పాటకు ఇవేవీ అక్కర్లేదు. ఉప్పల్ కలాన్, నాచారం, రామంతాపూర్ అప్పుడు చెరువులు, పొలాలు ఉన్న ఊళ్లు. తెలంగాణ పల్లెల్లో పంట ఇంటికి చేరాక ఊరివాళ్లు ఒక గురువును కుదుర్చుకుని చిరుతల రామాయణం నేర్చుకునేవారు. పగలు నాగలి పట్టిన మనిషి రాత్రికి చిరుతలు పట్టి రాముడో రావణుడో అయ్యేవాడు. రాత్రిళ్లు గుడి దగ్గర భజన సాగేది. బతుకమ్మ సంగతి చెప్పనే అక్కర్లేదు. తంగేడు, గునుగు కోసుకురావడం, గునుగు పూల కొసలకు రంగులద్దడం, తాంబాళంలో వరసమీద వరస పేర్చుతూ ఏ రంగు పక్కన ఏ రంగు ఉండాలో కంటితోనే తేల్చడం... ఇదంతా ఏ బళ్లోనూ నేర్పని కళ. దీన్ని హాబీ అని ఎవరూ అనలేదు, పండుగ పని అన్నారు. ఉప్పల్ నల్లచెరువు దగ్గర ఇప్పటికీ ఆ పని సాగుతూనే ఉంది.

ఈ కథలో నాకు కనిపించేది ఒకటే. పాట మీద ఇష్టానికి ఈ వైపు ఎప్పుడూ కరువు రాలేదు. కరువైనవి చోటు, వేళ. గుడి అరుగు, కోత అయిపోయాక దొరికే తీరిక ఉన్నంతకాలం ఎవరి పాట వాళ్లు పాడుకున్నారు. అవి రెండూ పోయినప్పుడల్లా కొత్త చోటు వెతుక్కున్నారు.

రేడియో వచ్చింది. నిజాం కాలపు దక్కన్ రేడియో 1950 ఏప్రిల్ 1న ఆకాశవాణిలో కలిసింది. ఇంట్లో పెట్టె మాట్లాడటం మొదలైతే ఇక జనం వింటూ కూర్చుంటారనుకోవడం సహజం. హైదరాబాద్ కేంద్రంలో మహాభాష్యం చిత్తరంజన్ గారు ‘కలసి పాడుదాం’ కార్యక్రమంతో దానికి భిన్నమైన పని చేశారు. ఒక్కో చరణాన్ని ముక్కలు చేసి ముందు తాను పాడేవారు, తర్వాత స్టూడియోలోని పిల్లలు అందుకునేవారు. ఇంట్లో వినేవాళ్లు పెన్సిలు, నోటుపుస్తకం దగ్గర పెట్టుకుని సాహిత్యం రాసుకునేవారు. ఒక మాట తప్పిపోతే అది మళ్లీ వచ్చేదాకా ఆ చోటు ఖాళీగా ఉంచేవారు. అలాంటి నోటుపుస్తకాలు ఈ వైపు ఎన్నో ఇళ్లల్లో అటకల మీద ఇంకా ఉన్నాయి. లలిత సంగీతం తెలుగువాళ్ల ఇళ్లలో నిలిచిందంటే కచేరీలు ఎంత కారణమో ఈ పాఠాలూ అంతే కారణం.

ఈలోగా పొలాల మీద ఫ్యాక్టరీలు లేచాయి. 1961లో భూభౌతిక పరిశోధన సంస్థ ఎన్‌జీఆర్‌ఐ, 1967లో ఎలక్ట్రానిక్స్ సంస్థ ఈసీఐఎల్, 1971లో న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్, 1977లో జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ వచ్చాయి. నాచారం, ఉప్పల్, మల్లాపూర్ పారిశ్రామికవాడలు వీటికి తోడయ్యాయి. కోస్తా నుంచి, రాయలసీమ నుంచి, తమిళనాడు, బెంగాల్ నుంచి ఉద్యోగాలకు వచ్చినవాళ్లు క్వార్టర్లలో దిగారు. గోదావరి జిల్లా నుంచి వచ్చినాయన వెంట హార్మోనియం వచ్చింది, తంజావూరు ఆవిడ వెంట వీణ వచ్చింది. షిఫ్టు దిగి టీ తాగాక ఏం చేయాలన్న ప్రశ్నకు స్టాఫ్ క్లబ్బు, వినాయక చవితి పందిరి, ఉగాది నాటకం జవాబులయ్యాయి. కోతల తర్వాతి తీరిక పోయి షిఫ్టు తర్వాతి తీరిక వచ్చింది. ప్రయోగశాలలో కళకు చోటుండాలని గట్టిగా నమ్మిన మనిషి సీసీఎంబీ వ్యవస్థాపకులు పి.ఎం. భార్గవ. ఆ ఆవరణలోకి ఎం.ఎఫ్. హుసేన్ వంటి చిత్రకారులను ఆయన తీసుకొచ్చారు. సైన్సు చేసేవాళ్లు రోజూ బొమ్మల పక్కగా నడిచి పనికి వెళ్లాలన్న ఆ ఆలోచన నాకు చాలా ఇష్టం.

ఇంజనీర్లకు, సంగీతానికి ఉన్న చుట్టరికం మన దగ్గరే కాదు. బెంగళూరులో విమానాల కంపెనీ హెచ్‌ఏఎల్‌లో పనిచేసిన జి. రాజ్ నారాయణ్ వేణువు వాయించేవారు. ఆయన 1970ల చివర ఎలక్ట్రానిక్ శ్రుతి పెట్టె తయారుచేసి రాడెల్ సంస్థ పెట్టారు. తంబురా మీటడానికి పక్కన మనిషి ఉండాలి, ఇంట్లో చోటు ఉండాలి. ఈ చిన్న పెట్టెకు ఒక ప్లగ్గు చాలు. రెండు గదుల క్వార్టర్‌లో పొద్దున్నే సరళీ స్వరాలు వినిపించడానికి ఈ పెట్టె చేసిన మేలు తక్కువది కాదు. రాంకోఠిలో 1952లో పెట్టిన ప్రభుత్వ సంగీత నృత్య కళాశాల సర్టిఫికెట్, డిప్లొమా పరీక్షలు తోడై, ఉద్యోగస్థుల ఇళ్లల్లో సాయంత్రం సంగీతం ట్యూషను కూడా లెక్కల ట్యూషనంత మామూలైంది.

1970లు ఈ ప్రాంతానికి ఇంకో రకంగానూ ముఖ్యమైనవి. నాచారంలో ఎన్.టి. రామారావు రామకృష్ణ హార్టికల్చరల్ సినీ స్టూడియోస్ నెలకొల్పారు. మద్రాసులో ఉన్న తెలుగు సినిమా హైదరాబాదుకు నడిచి వచ్చిన తొవ్వలో అదొక మజిలీ. 1977 అక్టోబరు 23న హైదరాబాద్ దూరదర్శన్ మొదలైంది. దాని కేంద్రం రామంతాపూర్‌లో ఉంది. ఈసీఐఎల్‌లో ఈసీ టీవీలు తయారయ్యేవి. టీవీ పెట్టె ఒక పక్క పుట్టేది, అందులో కనిపించే బొమ్మ ఇంకో పక్క పుట్టేది, రెండింటికీ మధ్య నాచారం. శుక్రవారం సినిమా పాటల ‘చిత్రలహరి’ వేళకు టీవీ ఉన్న ఇంటి ముందు చెప్పుల గుట్ట పడేది. ఆ తర్వాత కొన్నేళ్లు పందిళ్లలో నాటకాలు తగ్గాయి, భజనలకు కుర్రాళ్లు రావడం తగ్గింది. నిజం చెప్పాలంటే పాడే జనం వినే జనంగా మారిపోయిన కాలం అదొక్కటే. టీవీది ఒక్కదానిదే తప్పు కాదు. ఖాళీ జాగాల్లో ఇళ్లు లేచాయి, ఇళ్ల మీద అంతస్తులు లేచాయి, గుడి ముందు వాకిలి రోడ్డులో కలిసింది. 2007లో ఉప్పల్ కలాన్ మున్సిపాలిటీ గ్రేటర్ హైదరాబాదులో కలిసేనాటికి ఊరు అనే మాటకు ఇక్కడ అర్థం చాలామటుకు మారిపోయింది.

పాట మళ్లీ జనం గొంతులోకి రావడానికి తోడ్పడింది కూడా టీవీనే. 1996లో ఈటీవీలో బాలసుబ్రహ్మణ్యం గారి ‘పాడుతా తీయగా’ మొదలయ్యాక, పిల్లవాడు పాడుతుంటే తప్పెక్కడో, గమకం ఎక్కడ జారిందో ఇంటిల్లిపాదీ చెప్పుకోవడం మొదలుపెట్టారు. ఆ వెనకే కరోకే వచ్చింది. ఈ యంత్రం తొలి రూపాల్లో ఒకటి 1971లో, జపాన్‌లోని కోబేలో పుట్టింది. క్లబ్బుల్లో వాద్యం వాయించే దైసుకే ఇనోవే, పాడాలని ఉన్నా పక్కవాద్యాలు లేనివాళ్ల కోసం దాన్ని చేశారు, పేటెంటు కూడా తీసుకోలేదు. అది ఉప్పల్ అపార్టుమెంటు మేడ మీదికి చేరడానికి ముప్పై ఏళ్లకు పైనే పట్టింది. ఇప్పుడు ఫోన్లో ట్రాకు, చేతిలో బ్లూటూత్ మైకు ఉంటే రిటైరైన ఉద్యోగి ఘంటసాల పాటలో అడుగుపెట్టగలడు. ఒరిజినల్ శ్రుతి అందకపోతే ఒక మెట్టు దించుకుంటాడు, పల్లవి ఎత్తుగడకు ముందు వచ్చే నాలుగు మాత్రల ఖాళీ కోసం వేలితో తొడ మీద లెక్క పెట్టుకుంటాడు. దీన్ని అసలు సంగీతం కాదనేవాళ్లతో నేను ఏకీభవించను. ముప్పై ఏళ్లు ఫైళ్ల మధ్య గడిపిన మనిషి అరవైలో కూర్చుని తాళం నేర్చుకుంటున్నాడంటే అది సంగీతమే.

2019లో మూసీ ఒడ్డున ఉప్పల్ భగాయత్‌లో మినీ శిల్పారామం తెరిచారు. 1992 నుంచి మాదాపూర్‌లో ఉన్నదానికి ఇది చెల్లెలు. వారాంతపు సాయంత్రాలు అక్కడి ఆరుబయట వేదిక మీద కూచిపూడి, భరతనాట్యం ప్రదర్శనలు జరుగుతుంటాయి. చేసేవాళ్లలో ఎక్కువమంది బడిపిల్లలు. వేదిక వెనక్కి వెళ్లి చూస్తే అసలు శ్రమ కనిపిస్తుంది. ఒక తల్లి పిన్నులు పళ్ల మధ్య బిగించి సవరం కుదురుస్తుంటుంది, ఇంకొకామె పారాణి ఆరిందో లేదో వేలితో తాకి చూస్తుంది, గజ్జెల పట్టీ బిగువైందని ఓ పిల్ల పేచీ పెడుతుంది. తిలకించేవాళ్లు టిక్కెట్టు కొని వచ్చిన రసికులు కారు, చేనేత చీరలు చూడటానికి వచ్చి ఆగినవాళ్లు. ఆగినవాళ్లలో ఒకరిద్దరు పిల్లలు ఇంటికెళ్లి ‘నేనూ నేర్చుకుంటా’ అంటారు. ఈ వైపు నేర్చుకునే అలవాటు ఎప్పుడూ ఇలాగే పాకింది.

పెద్దవాళ్ల సినీ సంగీత విభావరులకు మాత్రం ఈ వైపు నుంచి ఇంకా చిక్కడపల్లి త్యాగరాయ గానసభకే వెళ్తున్నారు. 2017లో నాగోలు నుంచి, 2020లో జేబీఎస్ నుంచి మెట్రో మొదలయ్యాక దారి తేలికైంది. ఉప్పల్‌లో ఎక్కి పరేడ్ గ్రౌండ్‌లో మారితే చిక్కడపల్లి స్టేషనులో దిగవచ్చు. వెళ్లడంలో ఇబ్బంది లేదు, తిరుగు ప్రయాణంలోనే తొందర. ఆఖరి పాటలు రాకముందే సగం హాలు గడియారం చూసుకోవడం మొదలుపెడుతుంది. ఉప్పల్‌లోనో నాచారంలోనో రెండు వందల కుర్చీలు, మంచి మైకు, తక్కువ అద్దె ఉన్న ఒక హాలు కట్టి, వారానికి రెండు సాయంత్రాలు పెళ్లిళ్లకు ఇవ్వకుండా పాటకే వదిలితే వాళ్లంతా ఇక్కడే పాడుకుంటారు. కమ్యూనిటీ హాళ్లకు డబ్బు కేటాయించేటప్పుడు కార్పొరేషన్ ఈ ఒక్క సంగతి పట్టించుకోవాలి.