భారతీయ సంగీతంలో హవాయి గిటార్

పరదేశపు వాద్యం మన సంగీతంలో స్థిరపడాలంటే ముందు అది గమకాన్ని పలికించగలగాలి. ముత్తుస్వామి దీక్షితుల సోదరుడు బాలుస్వామి దీక్షితులు చేపట్టిన వయొలిన్ ఈ పరీక్షలో నెగ్గి, రెండు శతాబ్దాలలో కర్ణాటక కచేరీకి అనివార్యమైన పక్కవాద్యమయింది. హార్మోనియానికి ఆ అదృష్టం పట్టలేదు. రెండు మెట్ల నడుమ ఉండే సూక్ష్మశ్రుతులు దానికి అందవన్న ఆక్షేపణతో ఆకాశవాణి 1940లో దానిని నిషేధించింది. ఆ కట్టడి 1971లో గాని సడలలేదు. గిటార్ కూడా మెట్లు బిగించిన వాద్యమే. నియమం ప్రకారం దానికీ హార్మోనియం గతే పట్టవలసింది. అలా పట్టకపోవడానికి కారణం పసిఫిక్ మహాసముద్రం నడుమ ఉన్న ద్వీపాలలో దొరుకుతుంది.

పంతొమ్మిదో శతాబ్దంలో పశువుల కాపరుల వెంట, నావికుల వెంట గిటార్ హవాయికి చేరింది. దానిని ఒడిలో వెల్లకిల పరచి, తంత్రులపై లోహపు ముక్కను జార్చి వాయించే పద్ధతిని రూపొందించిన ఘనతను సాధారణంగా జోసెఫ్ కెకూకు అనే యువకునికి ఇస్తారు. ఆయన 1874లో జన్మించాడు. ఓహూ దీవిలోని లాయే గ్రామానికి చెందినవాడు. ఈ ఘనత తమదేనన్న వాదాలు వేరే కూడా ఉన్నాయి. వాటిలో ఒకటి మనకు ఆసక్తి కలిగించేది: భారతదేశంలో పుట్టి, ఓడలో హవాయికి చేరిన గేబ్రియల్ డేవియన్ అనే వ్యక్తి అంతకుముందే ఈ విధంగా వాయించాడని ఆ వాదం. దానికి ఆధారం బహు స్వల్పం. అంత సన్నని దారాన్ని పట్టుకొని హవాయి గిటార్‌కు మూలం మన వీణలోనే ఉందని చాటుకోవడం చరిత్ర అనిపించుకోదు. కెకూకు ఏళ్ల తరబడి చేసిన సాధన చిన్నది కాదు.

1893లో హవాయి రాణి లిలియువోకలాని పదవీచ్యుత అయింది. 1898లో ఆ దీవులు అమెరికాలో విలీనమయ్యాయి. రాజ్యం పోయిన తరువాత ఆ జాతి సంగీతం దేశాలు పట్టి తిరిగింది. కెకూకు 1904లో స్వదేశం విడిచి, మరి తిరిగి వెళ్లకుండానే 1932లో అమెరికాలో మరణించాడు. 1915లో శాన్ ఫ్రాన్సిస్కోలో జరిగిన అంతర్జాతీయ ప్రదర్శనతో హవాయి గిటార్ అమెరికాలో ఇంటింటి మాట అయింది. ఎంత ప్రీతిపాత్రమయిందంటే, 1932లో తొలిసారిగా అంగడికి వచ్చిన ఎలెక్ట్రిక్ గిటార్ కూడా ఒడిలో పెట్టుకొని వాయించే హవాయి తరహాదే.

ఈ పద్ధతిలోని కిటుకును కొంత వివరంగా చెప్పుకోవాలి. తంత్రులను మెట్లకు చాలా ఎత్తున నిలిపి కడతారు. ఎడమచేతి వేళ్లు తంత్రిని మెట్టుకు అదమవు. నున్నని ఉక్కు కడ్డీ తంత్రిని తాకుతూ సాగుతుంది. అప్పుడు మెట్లు స్వరాన్ని నిర్ణయించవు, కంటికి కొండగుర్తులుగా మాత్రమే మిగులుతాయి. కడ్డీ వెంట్రుకవాసి తొలగినా అపశ్రుతే. బరువెక్కువయితే తంత్రి వంగి స్వరం హెచ్చుతుంది, తక్కువయితే గరగరమంటుంది. కడ్డీకి వెనుక మిగిలిన తంత్రి భాగం కూడా మోగుతుంది కనుక, వెంట నడిచే వేళ్లు దానిని అణచిపెట్టాలి. సితారులో మీండ్ తంత్రిని పక్కకు లాగడం వల్ల వస్తుంది. దానికి నాలుగైదు స్వరాల హద్దు ఉంది. అవరోహణలో కావాలంటే ముందే లాగి ఉంచి, మీటి, వదలాలి. ఉక్కు కడ్డీకి ఎటు జారినా అడ్డు లేదు. కాగా, ఈ స్వేచ్ఛకు మూల్యం కూడా ఉంది. మూడు వేళ్లు చేసే పనిని ఒక్క కడ్డీ చేయవలసి రావడంతో ద్రుతగతి తానాలలో అది స్వరం నుంచి స్వరానికి దూకాలి, దూకిన చోట జారు వినబడరాదు. విలంబితంలో మహారాజయిన వాద్యం ద్రుతంలో బంటయిపోయే ప్రమాదం అడుగడుగునా ఉంటుంది.

మెట్టు లేని తంత్రిపై జార్చి వాయించడం మనకు కొత్త కాదు. దక్షిణాదిన గోటువాద్యాన్ని నల్లచేవ కర్రముక్కతో వాయించేవారు. తిరువిడైమరుదూరు సఖారామారావు దానికి కచేరీ వేదికపై స్థానం కల్పించగా, మైసూరు ఆస్థానంలో నారాయణ అయ్యంగార్ దానికి పేరు తెచ్చారు. ఉత్తరాదిన పటియాలా ఆస్థానానికి చెందిన అబ్దుల్ అజీజ్ ఖాన్ విచిత్రవీణను గాజుగోళంతో పలికించారు. కనుక హవాయి గిటార్ వచ్చినప్పుడు మన చెవికి అది పరాయిగా తోచలేదు.

వచ్చింది కలకత్తాకు. బృందాలు వచ్చి వెళ్లాయి. నిలిచి నేర్పినవాడు టావ్ మో. ఆయన 1908లో సమోవాలో పుట్టి, కెకూకు గ్రామమైన ఆ లాయేలోనే పెరిగాడు. తొలిసారి 1929లో ఒక బృందంతో భారతదేశానికి వచ్చి, 1940 దశకంలో కుటుంబంతో సహా కలకత్తాలో చాలాకాలం ఉన్నాడు. ఆ నగరంలో ఆంగ్లో ఇండియన్ కళాకారుడు గార్నీ నిస్ తన ‘అలోహా బాయ్స్’ బృందంతో రేడియోలో హవాయి సంగీతాన్ని వినిపించాడు. కొద్ది కాలంలోనే గిటార్ బెంగాలీ మధ్యతరగతి ఇళ్లలోకి ప్రవేశించి, రవీంద్రసంగీతాన్నీ నజ్రుల్ గీతాలనూ పలికింది. కవి కాజీ నజ్రుల్ ఇస్లాం కుమారుడు కాజీ అనిరుద్ధ స్వయంగా పేరున్న గిటార్ వాదకుడు. సాహిత్యం తెలిసిన శ్రోతకు మాట లేకుండానే మాట వినిపించడం ఈ వాదకుల లక్ష్యం. శాస్త్రీయ సంగీత చరిత్రకారులు వీరిని ‘లలిత సంగీతం’ అన్న ఒక్క మాటతో దాటవేయడం అన్యాయమని నా అభిప్రాయం. గిటార్‌ను పాటకు లొంగదీసినవారు వీరే. రాగానికి లొంగదీసినవారు వారి తరువాత వచ్చారు.

ఆ వచ్చినవారిలో మొదట చెప్పుకోవలసిన పేరు బ్రిజ్‌భూషణ్ కాబ్రా (1937-2018). జోధ్‌పూర్‌లో సంగీతాభిమానుల కుటుంబంలో జన్మించి, సరోద్ విద్వాంసుడు అలీ అక్బర్ ఖాన్ వద్ద శిక్షణ పొందారు. గిటార్ చేపట్టడానికి తండ్రి ఒక షరతుపై అంగీకరించారని, దానిపై శాస్త్రీయ సంగీతం మాత్రమే వాయించాలన్నదే ఆ షరతని చెబుతారు. 1967లో శివకుమార్ శర్మ సంతూర్‌తో, హరిప్రసాద్ చౌరాసియా వేణువుతో కలిసి ఆయన వాయించిన ‘కాల్ ఆఫ్ ది వ్యాలీ’ రికార్డు దేశవిదేశాలలో ఆదరణ పొందింది. ఆ ముగ్గురిలో ఇద్దరి పేర్లు నేడు అందరికీ తెలుసు. మూడో పేరును తెలిసినవారు చెబితే తప్ప గుర్తుచేసుకోరు.

తరువాతి తరంలో పండిత రవిశంకర్ శిష్యుడు విశ్వమోహన్ భట్ గిటార్‌కు పన్నెండు తరఫ్ తంత్రులను చేర్చి, ‘మోహన వీణ’ అని పేరు పెట్టారు. అమెరికన్ గిటార్ వాదకుడు రై కూడర్‌తో చేసిన రికార్డుకు 1994లో గ్రామీ పురస్కారం లభించింది. అయితే ఆ పేరుకు పూర్వచరిత్ర ఉంది. రాధికా మోహన్ మైత్ర సరోద్‌ను మార్చి రూపొందించిన వాద్యాన్ని ఠాకూర్ జయదేవ్ సింగ్ అప్పటికే మోహన వీణ అని పిలిచారు. గిటార్‌ను గిటార్ అని పిలిస్తే వచ్చే నష్టమేమిటో బోధపడదు. వయొలిన్‌ను మనం మరో పేరుతో పిలవకుండానే మనదిగా చేసుకున్నాం. కాబ్రా శిష్యుడు దేబాశీష్ భట్టాచార్య తన వాద్యాలకు చతురంగి, గాంధర్వి, ఆనంది అని పేర్లు పెట్టినా, వాటి హవాయి మూలాన్ని దాచలేదు. ఆనంది అన్నది హవాయి యుకులేలీని పోలిన నాలుగు తంత్రుల చిన్న వాద్యం.

రాకపోకలు ఒక్క దిశలోనే సాగలేదు. ఇంగ్లండుకు చెందిన జాన్ మెక్‌లాఫ్లిన్ అమెరికాలోని వెస్లియన్ విశ్వవిద్యాలయంలో డాక్టర్ ఎస్. రామనాథన్ వద్ద వీణ నేర్చి, 1970 దశకంలో ‘శక్తి’ బృందం కోసం మెట్ల మధ్య కర్రను లోతుగా తొలిపించిన గిటార్‌ను చేయించుకున్నాడు. వీణపై వలె తంత్రిని మెట్టు మీద నొక్కి స్వరాన్ని పెంచడానికి అది వీలిచ్చింది. పాలకొల్లులో 1969లో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ మాండొలిన్‌పై ఇదే సమస్యను తనదైన రీతిలో సాధించాడు. జంట తంత్రులను తీసివేసి, అయిదు ఒంటి తంత్రులు కట్టి, ఎలెక్ట్రిక్ వాద్యాన్ని ఎంచుకున్నాడు. గురువు రుద్రరాజు సుబ్బరాజుకు మాండొలిన్ రాదు; ఆయన పాడేవారు, శిష్యుడు ఆ పాటను తంత్రికి ఎక్కించేవాడు. 1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనలో వాయించే నాటికి ఆ బాలునికి తొమ్మిదేళ్లు. తరువాతి రోజులలో మెక్‌లాఫ్లిన్ పక్కన కూర్చుని వాయించిన శ్రీనివాస్ 2014లో అకాలంగా కన్నుమూశాడు.

ఇక వాద్యాల సేకరణ. పాత గిటార్లకు విదేశాలలో పెద్ద విపణి ఉంది. 1920, 30 దశకాల నాటి నేషనల్ కంపెనీ లోహపు గిటార్లు, బ్రెజిల్ రోజ్‌వుడ్‌తో చేసిన పాత మార్టిన్ గిటార్లు సేకర్తలకు ప్రాణం. బ్రెజిల్ కలప కరవయినప్పుడు మార్టిన్ కంపెనీ 1969లో మన దేశపు రోజ్‌వుడ్‌కు, అంటే మన జిట్రేగికి మారింది. ఆ విధంగా గిటార్ మన సంగీతంలో ఇంకా నిలదొక్కుకుంటున్న రోజులలోనే మన అడవి గిటార్‌లోకి వెళ్లింది. 2017లో ఈ జాతి వృక్షాలన్నిటి అంతర్జాతీయ వాణిజ్యంపై సైట్స్ ఒప్పందం నియంత్రణ విధించినప్పుడు వాద్యకారులు సరిహద్దులు దాటడానికే ఇబ్బంది పడ్డారు. 2019లో తయారైన వాద్యాలకు మినహాయింపు లభించింది.

సేకర్త దృష్టిలో వాద్యం విలువ దాని మార్పులేనితనంలో ఉంటుంది. ఒక్క మర కొత్తదయినా ధర పడిపోతుంది. కాబ్రా వాయించినది గిబ్సన్ కంపెనీవారి సూపర్ 400, ఆ సంస్థ చేసిన అత్యంత ఖరీదైన నమూనాలలో ఒకటి. దాని తంత్రులను ఎత్తు చేసి, శ్రుతి కోసం అదనపు తంత్రిని ఆయన బిగించుకున్నారు. వేలంపాటలో అది చెడిపోయిన వాద్యం కింద లెక్క. ‘కాల్ ఆఫ్ ది వ్యాలీ’ విన్నవారికి మాత్రం ఆ అదనపు తంత్రి లేని సూపర్ 400 ఇంకా పూర్తికాని వాద్యంగానే తోస్తుంది.