దూదేకుల విల్లు నుంచి గాలి మెత్త దాకా

నడిగడ్డలోని అయిజ చుట్టుపక్కల సీడ్ పత్తి చేలల్లో క్రాసింగ్ కూలీలు సాయంత్రం మొగ్గ విప్పి కేసరాలు గిల్లేస్తారు. మర్నాడు పొద్దున మగపువ్వు తెచ్చి పుప్పొడి రుద్దుతారు. వాణిజ్య సాగుకు పనికొచ్చిన మొదటి సంకర పత్తి హెచ్-4, 1970లో గుజరాత్‌లో వచ్చింది. ఈ చేతిపని ఆ తర్వాతిదే. నడిగడ్డకు దూదితో చుట్టరికం మాత్రం అంతకంటే పాతది.

పరుపులు కట్టేది దూదేకులవాళ్లు. పింజారి, లద్దాఫ్, నూర్‌బాషా అన్నా వాళ్లే. భుజాన పెద్ద విల్లు, దానికి బిగించిన నరం తాడు, చేతిలో కొయ్య గుండు. తాడును దూదిలోకి దించి గుండుతో కొడితే టంగుమని మోగుతుంది, గడ్డకట్టిన దూది పాయలుపాయలుగా విడి పైకి లేస్తుంది. ఏకే యంత్రాలు వచ్చాక ఆ మోత వీధుల్లో తగ్గిపోయింది.

ఏటేటా ఎందుకు ఏకించాలి? చెమట, బరువు కలిసి దూదిని అణిచేస్తాయి కనక. బూరుగు దూది కొంత నయం. దాని పోగు లోపల బోలు, పైన మైనపు పొర. నీళ్లు పీల్చదు. నున్నటి పొట్టి పోగు కావడంతో వడకడానికి కుదరదు, అందుకే దిండ్లలో చేరింది. అయినా అదీ ఏదో ఒకనాడు అణుగుతుంది.

అణిగిన మెత్త మీద మామూలు మనిషి తెలియకుండానే అటూ ఇటూ జరుగుతాడు. నడుం కింద స్పర్శ లేనివాళ్లకు జరగమనే కబురే అందదు. పిరుదుల్లోని రెండు ఎముకల కింద చర్మం నలిగి, నెత్తురు ఆడక పుండు పడుతుంది.

అలాంటివాళ్లు కూర్చునే మడతపెట్టే చక్రాల కుర్చీని 1933లో అమెరికాలో ఎవరెస్ట్, జెన్నింగ్స్ అనే ఇద్దరు ఇంజనీర్లు తెచ్చారు. వాళ్లలో ఎవరెస్ట్ గని ప్రమాదంలో వెన్ను దెబ్బతిన్నవాడు. అలాంటి కుర్చీల్లోని బట్ట సీటు కొన్నాళ్లకు ఉయ్యాలలా కుంగుతుంది. 1944లో ఇంగ్లండ్‌లోని స్టోక్ మాండెవిల్‌లో గుట్‌మన్ అనే వైద్యుడు వెన్ను రోగులకు ప్రత్యేక వార్డు తెరిచాడు. రెండేసి గంటలకోసారి రోగిని పక్కకు తిప్పించడమే అక్కడ పెద్ద మందు. మన దేశంలోని వెల్లూరులో డాక్టర్ మేరీ వర్గీస్ 1954 ప్రమాదం తర్వాత చక్రాల కుర్చీలోనే కూర్చుని శస్త్రచికిత్సలు చేసింది.

గాలి గదుల కుషన్లు 1970లలో పేరుకెక్కాయి. ఇప్పుడు ఫోమ్, జెల్, గాలి మూడూ దొరుకుతున్నాయి. ఖరీదైనదల్లా మంచిది కాదు. ఫోమ్ తేలిక, కూర్చున్న మనిషి తూలడు, కానీ చివికిపోతుంది. జెల్ బరువు, పాలమూరు ఎండలో వదిలేస్తే కాలుతుంది. గాలి కుషన్ పుండు భయం ఎక్కువున్నవాళ్లకు బాగా పనికొస్తుంది, అయితే గాలి చూసుకుంటూ ఉండాలి. మధ్యలో రంధ్రమున్న ట్యూబు చక్రాన్ని మాత్రం వాడకూడదు. దాని అంచు చుట్టూ నెత్తురును బిగబడుతుంది. పైన రెక్సిన్ తొడిగితే చెమట నిలిచి చర్మం మెత్తబడుతుంది, గాలాడే బట్టే మేలు.

ఇంట్లో చక్రాల కుర్చీ వాడేవాళ్లుంటే, వాళ్లు గాలి కుషన్ మీద కూర్చున్నప్పుడు కుషన్‌కూ కూర్చునే ఎముకకూ మధ్య చెయ్యి దూర్చండి. ఎముక కింద అరంగుళం నుంచి అంగుళం దాకా గాలి మిగలాలి. ఎముక అడుగుకు తగులుతుంటే ఈ రోజే గాలి పట్టించండి.