గరం మాట ఖాందాన్

మొన్న మగ్రిబ్ తర్వాత మా చిన్నమ్మాయి హోంవర్క్ చేసుకుంటూ అడిగింది: "అబ్బా, ఇంగ్లీషులో వార్మ్ అంటే మన గరమేనా? మనం వాళ్ళ దగ్గర తీసుకున్నామా, వాళ్ళు మన దగ్గర తీసుకున్నారా?"

ఏదో ఒక జవాబు చెప్పి తప్పించుకోవచ్చు. కానీ ఆ సవాల్ నాకు ఒక పాత సంగతి గుర్తు చేసింది. చాలా ఏళ్ళ కిందట ఒక సాహిత్య సభలో ఒక పెద్దాయన తెలుగులో చేరిన ఉర్దూ మాటల మీద మాట్లాడారు. "వేసవిని ఘర్మకాలం అంటే ఎంత అందం! గరం గరం అంటుంటే భాష పాడైపోతోంది" అన్నారు. అందరూ నవ్వారు. వెనక వరసలో కూర్చున్న నేను నవ్వలేదు, అలాగని లేచి జవాబు చెప్పనూ లేదు. చెప్పడానికి అప్పట్లో నా దగ్గర ఇల్మ్ లేదు.

ఇప్పుడు కొంచెం చదువుకున్నాను కాబట్టి చెబుతున్నాను. గరం, ఘర్మం సొంత అక్కాచెల్లెళ్ళు. ఫార్సీలో గర్మ్, సంస్కృతంలో ఘర్మ. ఋగ్వేదంలో ఘర్మ అంటే వేడి, యజ్ఞంలో పాలు కాచే పాత్రకూ అదే పేరు. పార్సీల పవిత్ర గ్రంథం అవెస్తాలో గరెమ. గ్రీకులో థెర్మోస్. జ్వరం చూసే థర్మామీటరూ, చాయ్ పోసుకునే థర్మాస్ ఫ్లాస్కూ అక్కడి నుంచే వచ్చాయి. లాటిన్‌లో ఫోర్ముస్. కొలిమికి ఇంగ్లీషు వాళ్ళు వాడే ఫర్నెస్ కూడా ఈ ఖాందానే. మాటలు మారిన తీరులో ఒక కాయిదా ఉంది: మొదట ఉన్న ఒకే ధ్వని ఇరాన్ వైపు 'గ' అయింది, హిందూస్తాన్ వైపు 'ఘ' అయింది, గ్రీకుల నోట 'థ' అయింది, రోమన్ల నోట 'ఫ' అయింది. ఉత్తరాదిన ఎండను ఘామ్ అంటారు, అదీ ఘర్మ బిడ్డే.

మరి వార్మ్? ఇక్కడ ఆలిమ్‌లలో రెండు రాయలున్నాయి. అది కూడా ఈ ఇంటి బిడ్డే అని కొందరు అంటారు. కాదు, కాలడం, ఉడకడం అనే అర్థమున్న వేరే ధాతువు నుంచి వచ్చింది, రష్యన్‌లో వండడాన్ని వరీత్ అంటారే, దానికి చుట్టం అని మరికొందరు అంటారు. కాబట్టి మా అమ్మాయికి "దగ్గర రిష్తా అయి ఉండొచ్చు బేటీ, కానీ ఎవరూ ఎవరి దగ్గరా అప్పు తీసుకోలేదు" అని చెప్పాను.

ఈ రిష్తాల సంగతి దునియాకు తెలియడంలో మన ఫార్సీ పాత్ర చిన్నది కాదు. కలకత్తాలో జడ్జిగా ఉన్న విలియం జోన్స్ 1786లో సంస్కృతం, గ్రీకు, లాటిన్ ఒకే మూలం నుంచి పుట్టి ఉండాలన్నాడు, ఫార్సీని కూడా ఆ కుటుంబంలో చేర్చొచ్చన్నాడు. ఆయన సంస్కృతం నేర్చుకోకముందే, 1771లోనే ఫార్సీ వ్యాకరణం రాసి అచ్చు వేయించిన మనిషి.

ఇక తెలుగు. 1816లో మద్రాసులో ఎఫ్. డబ్ల్యూ. ఎల్లిస్ అనే దొర తెలుగు సంస్కృతం నుంచి పుట్టలేదు, తమిళం, కన్నడాలతో కలిసి దానిది వేరే కుటుంబం అని దలీల్‌తో చూపించాడు. వేడి, వెచ్చన, వేసవి, వేయించడం, ఇవీ తెలుగు సొంత మాటలు. కన్నడంలో వేసవిని బేసిగె అంటారు, తమిళంలో ఎండను వెయిల్ అంటారు. అంటే ఆ సభలో పెద్దాయన మెచ్చుకున్న ఘర్మమూ, వద్దన్న గరమూ రెండూ తెలుగింటికి మెహ్మాన్‌లే. ఒకరు ముందు వచ్చారు, ఒకరు తర్వాత వచ్చారు. ముందొచ్చిన చెల్లెలు ఎక్కువగా చెమట అనే అర్థంతో ఉండిపోయింది. తర్వాతొచ్చిన అక్క చాయ్ దుకాణంలో, బిర్యానీ దేగ్‌చా దగ్గర, కోపం వచ్చినవాడి మొహం మీద కాపురం పెట్టింది. "ఆయన గరం అయ్యాడు" అంటే తెలంగాణలో ఎవరికి అర్థం కాదు?

గరం మసాలా గురించి ఒక మాట. అందులో గరం అంటే కారం కాదు. మిరపకాయ అమెరికా ఖండం నుంచి పోర్చుగీసు వాళ్ళ ఓడల మీద వచ్చింది, అదీ పదహారో శతాబ్దంలో. లవంగం, దాల్చినచెక్క, ఇలాచీ, మిరియాలను గరం అనడం యూనానీ హకీముల లెక్క. వాళ్ళ దృష్టిలో ప్రతి వస్తువుకీ ఒక మిజాజ్ ఉంటుంది: గర్మ్ లేదా సర్ద్, తర్ లేదా ఖుష్క్. "మామిడిపండు వేడి చేస్తుంది, మజ్జిగ చలవ" అని మన పక్కింటి హిందూ పిన్నిగారు అన్నా, మా నానీ అన్నా లెక్క ఒక్కటే. ఇంగ్లీషు వాడికి మాత్రం కారానికీ వేడికీ కలిపి హాట్ అని ఒకటే మాట. ఈ విషయంలో వాళ్ళు గరీబులు.

అర్థాలు ఎలా తిరుగుతాయో చూడండి. ఇంగ్లీషులో మనసారా స్వాగతం చెబితే వార్మ్ వెల్కమ్. మన దగ్గర గర్మ్‌జోషీ. తల వేడిగా ఉన్నవాడు కోపిష్టి కావాలి కదా, కానీ సర్‌గర్మ్ అంటే చురుగ్గా పనిచేసేవాడు. లంచం ఇస్తే ఉర్దూలో ముఠ్ఠీ గరం చేసినట్టు. తెలుగులో చెయ్యి తడిపినట్టు. ఒకరు వెచ్చబెడతారు, ఇంకొకరు తడుపుతారు, ఫైలు కదలడం మాత్రం ఖాయం.

చలి దేశాల వాళ్ళకు ప్రేమంటే వెచ్చదనం, మనకు చల్లదనం అని అంటుంటారు. నిజమే, తెలుగులో దీవెన "చల్లగా ఉండు". ఉర్దూలో బిడ్డ ఆంఖోఁ కీ ఠండక్, కంటికి చలవ. అరబీలో దాన్నే ఖుర్రతుల్ ఐన్ అంటారు, మన ఇళ్ళలో ఆడపిల్లలకు ఆ పేరు పెడతాం. కానీ అదే అరబీలో ప్రాణస్నేహితుణ్ణి హమీమ్ అంటారు. సలసల కాగే నీళ్ళకూ హమీమ్ అనే మాటే. ఖురాన్‌లో ఆ మాట రెండు అర్థాలతోనూ ఉంది. హమ్మామ్ కూడా ఆ ధాతువు నుంచి వచ్చిందే. రమజాన్ పేరు కూడా ఎండకు మాడిన నేల వేడి నుంచి వచ్చిందని లుగత్‌లు చెబుతాయి.

గోల్కొండ దగ్గర కుతుబ్ షాహీ సమాధుల తోటలో ఒక హమ్మామ్ ఉంది. మరణించిన రాజులకు ఆఖరి గుసుల్ అక్కడ చేయించేవారు. కిందటేడు పిల్లల్ని తీసుకెళ్ళినప్పుడు ఆ రాతి చప్టా మీద చెయ్యి పెట్టి చూశాను, మిట్టమధ్యాహ్నం కూడా చల్లగానే ఉంది.

మా నానీ ఇంతేకాలం అయినప్పుడు గుసుల్ నీళ్ళు అమ్మీయే కాచింది. ఏ చెయ్యితో మా స్నానాల నీళ్ళు చూసేదో అదే చెయ్యి బకెట్‌లో ముంచి, "మరీ గరం వద్దు, గోరువెచ్చగా ఉండాలి, అమ్మకు చర్మం పల్చన" అంది. ఒక్క వాక్యంలో రెండు ఖాందాన్‌ల మాటలు. ఏది ఎవరిదో ఆ రోజు అక్కడున్న ఎవరికీ తోచలేదు.